మార్చి 31 దాటాక

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మారతహళ్లి నుంచీ కాడుగోడి నుంచీ ఆ ట్రాఫిక్‌లో పడి ఇక్కడిదాకా వచ్చారు, అదీ చెరువుల గురించి వినడానికి. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆఖర్లో పులిహోర, మిరపకాయ బజ్జీలు ఉన్నాయని ముందే చెప్పేసినట్టున్నారు.

మొదట ఒక తప్పు సరిదిద్దాలి. పోస్టరు మీద నా పేరు కింద "పర్యావరణ పరిశోధకులు" అని వేశారు. నేను పరిశోధకుణ్ణి కాను, బీకాం. మదనపల్లెలో చదువుకుని, బెంగళూరొచ్చి రెండు మూడు చోట్ల గుమాస్తాగిరీ చేసి, 2001 నుంచి ఇరవై రెండేళ్లపాటు ఒక చిన్న పర్యావరణ పరిశోధన సంస్థలో లెక్కలు రాశాను. సంస్థ పేరు చెప్పను. ఇవాళ చెప్పబోయే వాటిలో కొన్ని అక్కడివాళ్లకి నచ్చకపోవచ్చు, పైగా వాళ్లలో ఇద్దరు మా వీధిలోనే ఉంటారు.

పర్యావరణ పరిశోధన సంస్థల గురించి శాస్త్రవేత్తలు మాట్లాడితే పక్షులు, కప్పలు, వాతావరణం అంటారు. బాగానే ఉంటుంది. కానీ ఒక స్వతంత్ర సంస్థ ఎలా పుడుతుంది, ఎలా నిలబడుతుంది అన్న కథ అసలు ఉండేది క్యాష్ బుక్కులో. "స్వతంత్ర" అనగానే ప్రభుత్వం మాట వినక్కర్లేదు, ఎవరికీ భయపడక్కర్లేదు అనుకుంటారు జనం. నా లెక్క ప్రకారం స్వతంత్రం అంటే ఏప్రిల్ నెల జీతం ఎవరిస్తారో తెలియకపోవడం.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు మన దేశంలో అడవి మీద పరిశోధన అంటే అటవీశాఖ, లేకపోతే బొటానికల్ సర్వే, జువలాజికల్ సర్వే, మహా అయితే యూనివర్సిటీలు. ఊళ్లో నీళ్లు బాగా లేవని చెప్పాల్సిందీ ప్రభుత్వమే, ఆ నీళ్లు పాడుచేసిందీ చాలాసార్లు ప్రభుత్వ పైపే. 1980లో ఢిల్లీలో అనిల్ అగర్వాల్ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పెట్టి, రెండేళ్లకి దేశ పర్యావరణ స్థితి మీద పౌరుల తరఫున ఒక నివేదిక వేశారు. పౌరుల తరఫున అన్న మాట చూడండి, అదే కొత్త. 1983లో ఇక్కడే, మన మల్లేశ్వరం పక్కన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, అదే ఐఐఎస్సీలో, మాధవ్ గాడ్గిల్ ఎకాలజీకి, అంటే జీవులకీ పరిసరాలకీ ఉన్న సంబంధం చూసే శాస్త్రానికి, ఒక విభాగం మొదలుపెట్టారు. అది స్వతంత్ర సంస్థ కాదు, ప్రభుత్వ డబ్బుతో నడిచేదే, కానీ ఆ తర్వాత ఈ రంగంలోకొచ్చిన కుర్రాళ్లలో చాలామందికి దాని గాలి తగిలింది. 1984లో ఉల్లాస్ కారంత్ పులుల కోసం సెంటర్ ఫర్ వైల్డ్‌లైఫ్ స్టడీస్ పెట్టారు. 1988లో చెన్నైలో వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారు తన పేరున్న ఫౌండేషన్ మొదలుపెట్టారు. దానికి మొదటి పెట్టుబడి ఏమిటో తెలుసా? అంతకు ముందు ఏడాది ఆయనకొచ్చిన వరల్డ్ ఫుడ్ ప్రైజ్ డబ్బు. నేనైతే దేవనహళ్లి వైపు సైటు కొని ఉండేవాణ్ణి, నవ్వకండి, మీలో సగం మంది కూడా అంతే.

1996 ఒక విచిత్రమైన ఏడాది. ఆ ఒక్క ఏడాదిలో మైసూరులో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, బెంగళూరులో ఏట్రీ, రెండూ పుట్టాయి. ఏట్రీ అంటే అశోకా ట్రస్ట్ ఫర్ రీసెర్చ్ ఇన్ ఎకాలజీ అండ్ ది ఎన్విరాన్‌మెంట్. ఇప్పుడు జక్కూరు వైపు పెద్ద క్యాంపస్, సొంతంగా పీహెచ్‌డీ ప్రోగ్రాము, తూర్పు హిమాలయాల నుంచి కేరళ వేంబనాడు దాకా పని. దాన్ని పెట్టిన కమల్‌జిత్ బావా అమెరికాలో, బోస్టన్‌లో ఉన్న మసాచుసెట్స్ యూనివర్సిటీలో అప్పటికి ప్రొఫెసరు. హాయిగా అక్కడే ఉండి చెట్ల మీద పేపర్లు రాసుకోవచ్చు. వచ్చి ఇక్కడ ట్రస్టు పెట్టాడు. అలాంటివాళ్ల తలలో ఏముంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ ఏముంటే బాగుండదో అర్థమైంది. నాలాంటి అకౌంటెంటు ఉంటే వాళ్లు అసలు మొదలే పెట్టరు.

ఏట్రీవాళ్ల ఒక పని గురించి చెప్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నదంతా అందులో ఉంది. చామరాజనగర్ జిల్లాలో బిళిగిరి రంగన బెట్ట ఉంది కదా, మీలో చాలామంది బీఆర్ హిల్స్ అని కార్లేసుకుని వెళ్లి ఉంటారు. దారిపొడవునా రంగురంగుల చిన్న పువ్వుల పొద కనిపిస్తుంది. లాంటానా. మన వైపు తలంబ్రాల చెట్టు అంటారు కొందరు, పులికంప అంటారు కొందరు. రెండొందల ఏళ్ల కిందట తోటల్లో అందంగా ఉంటుందని ఆంగ్లేయులు తెచ్చిన మొక్క, ఇప్పుడు అడవినే మింగుతోంది. ఆ కొండల్లో సోలిగలు అనే గిరిజనులు ఉంటారు. వాళ్లు పూర్వం చలికాలం చివర్లో కింద రాలిన ఆకులకి చిన్న మంట పెట్టేవాళ్లు, దాన్ని తరగు బెంకి అంటారు. అభయారణ్యం అయ్యాక ఆ మంటలు ఆపేశారు. ఆపాక లాంటానా పెరిగిందని సోలిగ పెద్దలు చెప్తుంటే, ముసలివాళ్ల మాటలులే అని వదిలేయొచ్చు. వదిలేయకుండా ఉండాలంటే కొలత కావాలి. కొలత ఎక్కడిది? 1997లో ఆ అడవిలో కొన్ని చోట్లు గుర్తుపెట్టి ఏ మొక్క ఎంతుందో లెక్క రాసుకున్నారు. 2008లో మళ్లీ అవే చోట్లకి వెళ్లారు. లాంటానా ఉన్న చోట్లు దాదాపు రెట్టింపయ్యాయి.

పదకొండేళ్లు. మీరు సాఫ్ట్‌వేర్‌వాళ్లు, ఒక్క కంపెనీలో పదకొండేళ్లున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, నలుగురు. పరిశోధనకి డబ్బిచ్చేవాళ్లు ఇచ్చేది రెండేళ్లకీ మూడేళ్లకీ. మూడేళ్ల ప్రాజెక్టుల మీద బతుకుతూ పదకొండేళ్ల తర్వాత అదే చోటికి, అదే పద్ధతి తెలిసిన మనుషులతో, పాత కాగితాలు చెదలు పట్టకుండా దాచుకుని తిరిగి వెళ్లగలగాలి. అలా వెళ్లగలిగితేనే సంస్థ. లేకపోతే అది బోర్డు తగిలించుకున్న మూడేళ్ల ప్రాజెక్టు. 2011లో సోలిగలకి ఆ అడవి మీద హక్కులు గుర్తించారు, అప్పటికే అది టైగర్ రిజర్వు కూడా. వాళ్ల దేవుళ్ల చోట్లు, శ్మశానాలు, తేనె చెట్లు ఎక్కడెక్కడున్నాయో సోలిగలతో కలిసి తిరిగి మ్యాపు వేసినవాళ్లలో ఏట్రీ జనం ఉన్నారు. అంతకాలం అక్కడ మసలకపోతే దేవుడి చోటు ఎవరు చూపిస్తారండీ?

సరే, మా కథ. మా సంస్థ సంజయ్‌నగర్‌లో ఒక ఇంటి మేడమీద మొదలైంది. ముగ్గురు. మేడం, నెల్లూరు జిల్లా మనిషి, చెరువుల జీవశాస్త్రం, కాలేజీ ఉద్యోగం మానేసి వచ్చారు. భూగర్భ జలాల్లో పనిచేసి రిటైరైన ఒక కన్నడ ఇంజనీరు గారు. ఇంకొక కుర్రాడు, పీహెచ్‌డీ అయి నాలుగు నెలలైంది. నేను పార్ట్‌టైము, వారానికి రెండు సాయంత్రాలు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ట్రస్టు డీడ్ రిజిస్టరు చేయించిన రోజు మేడం కింద ఉన్న బేకరీలో అందరికీ ఖారా బన్ను ఇప్పించారు, దానికి బిల్లు తీసుకోలేదు, నేను రాసిన మొదటి వోచరే బిల్లు లేని వోచరు. 12ఏ అంటే సంస్థకి పన్ను మినహాయింపు, 80జీ అంటే విరాళమిచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు, ఇవీ, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, వీటికే ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ చెరువు పని మాత్రం ఆగలేదు, మేడం తన ప్రావిడెంట్ ఫండు డబ్బుతో ఐసు పెట్టె, గాజు సీసాలు కొన్నారు.

ఐసు పెట్టె గురించి చెప్పాలి. నేను లెక్కలవాణ్ణే గానీ, రెండో ఏడాది ఒకరోజు ఇంజనీరు గారికి జ్వరమొస్తే నన్ను చెరువుకి తీసుకెళ్లారు. తెల్లవారుజామున నాలుగున్నరకి. ఎందుకమ్మా ఇంత పొద్దున్నే, పదింటికి వెళ్తే నీళ్లు పారిపోతాయా అన్నాను. మేడం పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో, కూర్చుని, టార్చి నా చేతికిచ్చి చెప్పారు. మురుగు కలిసిన చెరువులో నాచు బాగా పెరుగుతుంది. పగలు ఎండకి ఆ నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. మధ్యాహ్నం కొలిస్తే నీళ్లలో ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంటుంది, చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టే. సూర్యుడు రాకముందు కొలిస్తే అడుగంటి ఉంటుంది. చేపలు చచ్చేది అప్పుడే. 2016 మార్చిలో అల్సూరు చెరువులో వేల చేపలు తేలాయి, గుర్తుందా, జనం ముక్కు మూసుకుని ఫోటోలు తీశారు. పొద్దున చూసి, రాత్రి ఎవరో విషం కలిపారు అనే మాట ప్రతి ఊళ్లో వస్తుంది. కొన్నిసార్లు విషమే కావచ్చు. చాలాసార్లు ఆ చెరువుకి ఊపిరాడలేదు, అంతే.

ఆఫీసు టైము పదింటికి మొదలవుతుంది కాబట్టి ఆఫీసువాళ్ల కొలత పదకొండింటిది. అందులో మోసం లేదు, ఎవరినీ తిట్టడానికి లేదు, ఆ కొలత నిజమే. కానీ ఐదింటి కొలత వేరే నిజం. సీసాని గాలి బుడగ లేకుండా నీళ్లలో ముంచి నింపాలి, వెంటనే మాంగనీస్ సల్ఫేటు, తర్వాత ఆల్కలీ అయొడైడు వేసి మూత బిగించాలి. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఆ రోజు నా చేతిలో సీసాకి టార్చి వేసి చూస్తే లోపల పాలు విరిగినట్టు తెల్లగా ఉంది. మేడం ఏమీ మాట్లాడలేదు, నోటుబుక్కులో ఐదూ పది అని టైము రాసుకున్నారు. ఒడ్డున టీ కొట్టు అప్పుడే తెరుస్తున్నారు.

ఇక ఆడిటు. దీని మీద నేను ఒక రాత్రంతా మాట్లాడగలను, కానీ బజ్జీలు చల్లారతాయి. మొదటి పెద్ద ఆడిటులో ఆడిటరు గారు ఒక వోచరు పైకెత్తి, "పుట్టి అద్దె అని రాశారు, బిల్లేది?" అన్నారు. పుట్టి తొక్కే ముసలాయన బిల్లు ఎలా ఇస్తాడు సార్, వేలిముద్ర వేశాడు కదా అన్నాను. ఆయన పుట్టి అంటే ఏమిటో అడిగారు, బొమ్మ గీసి చూపించాను. తర్వాత పశ్చిమ కనుమల్లో చేసిన ఒక పని లెక్కలో నాలుగు కిలోల ఉప్పు, రెండు డబ్బాల నస్యం ఉన్నాయి. వర్షాకాలంలో అడవిలో జలగలు పడతాయి, మేజోళ్లకి నస్యం రుద్దుకుంటారు, పట్టిన చోట ఉప్పు వేస్తారు. ఆయన చాలాసేపు ఆలోచించి "కన్స్యూమబుల్స్" అని రాశారు. మంచాయన. తర్వాత తర్వాత మా ఆఫీసుకొస్తే ముందు ఈసారి ఏం జంతువులు చూశారు అని అడిగేవారు.

నవ్వులాట పక్కన పెడితే, డబ్బు నియమాలు ఇలాంటి సంస్థలని ఎలా మలుస్తాయో బయటివాళ్లకి తెలియదు. ప్రాజెక్టు డబ్బు పరికరాలకి ఇస్తారు, కరెంటు బిల్లుకి ఇవ్వరు. కారు కొనిస్తారు, పెట్రోలు పోయించరు. మురుగు ఎంతుందో తెలియాలంటే బీఓడీ పరీక్ష చేస్తారు, నీళ్ల సీసాని మూడు రోజులు 27 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలి. దానికి ఇంక్యుబేటరు ఇచ్చారు ఒక దాతలు. కరెంటు పోతే? యూపీఎస్ బ్యాటరీలు ఏ పద్దులో వేయాలి? మూడో రోజు రాత్రి కరెంటు పోయి మొత్తం పద్దెనిమిది సీసాలు పారబోసిన సందర్భం ఉంది, ఆ నెల కొలత మా రికార్డులో ఇప్పటికీ ఖాళీ గడి.

పోనీ బాగా డబ్బొచ్చిన ఏడాది మిగుల్చుకుందామా అంటే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ధర్మసంస్థ వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి. కారణం చెప్పి ఫారం పెట్టుకుంటే ఐదేళ్ల దాకా దాచుకోవచ్చు, కానీ దేనికోసమో ముందే చెప్పాలి. "కష్టకాలం కోసం" అని రాయలేం కదా. ఈ నియమం తప్పని అనను, ధర్మం పేరు చెప్పి డబ్బు పోగేసుకునేవాళ్లు మనకేమీ తక్కువ లేరు. కానీ పండిన ఏడు గాదెలో పోసుకోవడం కష్టం, ఎండిన ఏడు అడుక్కోవడం తప్పదు.

విదేశీ డబ్బు సంగతి సరేసరి. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 1976 నాటిది, 2010లో కొత్తది వచ్చింది, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్. 2020 సవరణలో మూడు పెద్ద మార్పులు. విదేశీ విరాళాలు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చుల కింద అంతకుముందు సగం దాకా వాడుకోవచ్చు, దాన్ని 20 శాతం చేశారు. ఇంకొకటి, ఆ డబ్బు వేరే సంస్థకి మళ్లించకూడదు. ఈ మూడోది చాలామందికి కనబడదు. పెద్ద సంస్థలు డబ్బు తెచ్చి, ఊళ్లో ఉన్న చిన్న సంఘాలకి కొంత ఇచ్చి పని చేయించేవి. మాకు అలా కావేరి ఒడ్డున ఒక మత్స్యకారుల సంఘంతో పొత్తుండేది, వాళ్లే వలలో పడ్డ చేపల లెక్క రాసేవాళ్లు. అది తెగిపోయింది. ఆ పుస్తకంలో ఆఖరి పేజీ నా దగ్గర జిరాక్సు ఉంది, ఎందుకు తీసి పెట్టుకున్నానో తెలియదు.

దేశీ డబ్బు అంటే సీఎస్‌ఆర్, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను, ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమలు. మాకు అది వరంలా వచ్చింది, ముఖ్యంగా ఈ ఊళ్లో, వీధికో కంపెనీ ఉన్నచోట. ఫిబ్రవరి నెలాఖరుకి ఫోన్లు మొదలవుతాయి, "సార్, మార్చి 31 లోపు ఇంత ఖర్చు చేయగలరా?" మొక్కలు నాటడానికైతే ఎంతైనా ఇస్తారు. మొక్కతో ఫోటో తీసుకోవచ్చు, కంపెనీ టీ షర్టు వేసుకుని. తెల్లవారుజామున సీసాలో తెల్లటి మడ్డితో ఎవరు దిగుతారండీ ఫోటో?

ఇప్పుడు నేను అంత గొప్పగా లేని విషయం. ఒక ఇళ్ల కంపెనీవాళ్లు, ఒక చెరువు ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్నవాళ్లు, ఆ చెరువు అధ్యయనానికి రెండేళ్ల డబ్బిచ్చారు. మంచి డబ్బు. మొదటి ఏడాది రిపోర్టు తయారైంది. ఎండాకాలం వారాల తరబడి తెల్లవారుజామున ఆక్సిజన్ దాదాపు లేదు, మురుగు ఏ కాలవ నుంచి వస్తోందో కూడా ఉంది. కంపెనీ తరఫున ఒకాయన వచ్చారు, చాలా మర్యాదస్తుడు, స్వీట్లు తెచ్చారు. ఒక్క అక్షరం మార్చమని అడగలేదు. దసరా అయ్యాక విడుదల చేయండి మేడం, అంతే, అప్పటికి మా రెండో టవరు బుకింగులు అయిపోతాయి అన్నారు.

ఆయన వెళ్లాక మీటింగు. నేను ఒప్పుకుందామన్నాను. రాసుకోండి, నేనే అన్నాను. "మేడం, ఆర్నెల్లే కదా, చెరువెక్కడికీ పోదు" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "చెరువు పోదండీ. కొనుక్కున్నవాళ్లు కూడా ఆ తర్వాత ఎక్కడికీ పోలేరు" అన్నారు. రిపోర్టు మర్నాడే అందరికీ పంపేశారు.

రెండో ఏడాది డబ్బు రాలేదు. ఇప్పుడు ఇక్కడ సినిమాలో అయితే ఏదో జరగాలి, ఏమీ జరగలేదు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. పేపర్లో ఒక మూల వార్త వచ్చింది. మేము ముగ్గుర్ని పంపేయాల్సొచ్చింది, మిగిలినవాళ్లం మూడు నెలలు సగం జీతం తీసుకున్నాం. పంపేసిన ముగ్గురిలో హొసకోటె కుర్రాడొకడు, వేలెడంత చేపపిల్లని నీళ్లలో చూసి బొచ్చె అవునో శీలావతి అవునో చెప్పేవాడు, అలాంటి కన్ను ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు. వాడికి ఆఖరి చెక్కు రాసింది నేనే. ఇప్పుడు కేఆర్ పురంలో మొబైల్ ఫోన్ల షాపు, బాగానే ఉన్నాడు, నేను వెళ్తే స్క్రీన్ గార్డు డబ్బులు తీసుకోడు. మేడం చేసింది రైటని నాకు తెలుసు. నేనన్నది పూర్తిగా తప్పని మాత్రం ఇప్పటికీ అనిపించదు, ఏం చేయమంటారు.

అయితే మేము మూతపడలేదు. ఎందుకు పడలేదో చెప్తాను, అది పెద్ద గ్రాంటు వల్ల కాదు. 2009లో ఒక రిటైరైన కన్నడ మాస్టారు ఇల్లమ్మిన డబ్బులోంచి మాకు పది లక్షలిచ్చారు. కాగితం మీద రాసిచ్చారు, అసలు ముట్టకూడదు, వడ్డీ మాత్రం వాడాలి అని. కార్పస్ అంటారు మా భాషలో, మన ఊళ్లల్లో గుడికి మాన్యం ఇచ్చినట్టు. అప్పట్లో వడ్డీ ఎనిమిది శాతం, ఏడాదికి ఎనభై వేలు. దాంతో ఒక కుర్రాడికి కొంత, ఆటోకి కొంత, ఐసుకి, రసాయనాలకి కలిపి రెండు చెరువులకి నెలకి నాలుగు తెల్లవారుజాములు వచ్చాయి. ప్రాజెక్టులు వచ్చాయి, పోయాయి, ఆ నాలుగు తెల్లవారుజాములు ఆగలేదు. తర్వాత వడ్డీ రేట్లు పడ్డాయి, ఐసు ధర పెరిగింది, నాలుగు మూడయ్యాయి. రిజర్వు బ్యాంకు రేటు తగ్గించిందని టీవీలో చెప్తే మీకు హోమ్‌లోను గుర్తొస్తుంది, నాకు ఒక తెల్లవారుజాము పోయిందని గుర్తొచ్చేది. ఆ రికార్డు కోసం ఇప్పుడు బయటి ఊళ్ల నుంచి పీహెచ్‌డీ పిల్లలు వస్తున్నారు, ఎందుకంటే అన్నేళ్లపాటు ఐదింటి కొలత దొరకడం కష్టం. వాళ్లకి మాస్టారి సంగతి చెప్తాను. వాళ్లు తల ఊపి పెన్‌డ్రైవు అడుగుతారు.

రికార్డు లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. అర్కావతి మీద తిప్పగొండనహళ్లి జలాశయం, 1933లో కట్టింది, ఈ ఊరికి దశాబ్దాలు నీళ్లిచ్చింది, తర్వాత నది ఎండిపోతూ వచ్చింది. ఎందుకు అని ఎవరినడిగినా వానలు తగ్గాయి అంటారు. వీణా శ్రీనివాసన్, ఆమెతో పనిచేసినవాళ్లు ఏట్రీలో ఉండగా 2015లో వేసిన పేపరు ఈ ప్రశ్న మీదే. వాన అసలు దోషి కాదు, ముఖ్యంగా బోర్లు, నీలగిరి తోటలు అని తేల్చారు. అది తేల్చడానికి ఎంత తంటాలు పడ్డారంటే, పేపరు పేరులోనే సరైన లెక్కలు దొరకని ప్రాంతం అని ఒప్పుకున్నారు. కోటిమంది ఉండే ఊరికి పక్కన ఉన్న నదికి లెక్కలు లేవు.

చివరిగా మా పెద్దమ్మ. ముళబాగిలు తాలూకాలో ఒక ఊరు, మీలో కోలారు జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ ఇళ్లల్లో మన తెలుగే. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లు. 2018లో కేసీ వ్యాలీ పథకం వచ్చింది. మనం ఇక్కడ స్నానం చేసి, బట్టలుతికి, ఫ్లష్ నొక్కిన నీళ్లు, కోరమంగళ చల్లఘట్ట లోయలో రెండు దశలు శుద్ధి చేసి, రోజుకి 44 కోట్ల లీటర్ల లక్ష్యంతో కోలారు జిల్లా చెరువులకి పంపుతున్నారు, మొత్తం 126 చెరువుల ప్లాను. తాగడానికి కాదు, భూమిలోకి ఇంకడానికి. మొదటి ఏడాదే ఒక చెరువులో నురగ కనిపించి గొడవైంది, కోర్టులకెక్కారు, మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. ఇంకోపక్క, చెరువు నిండిందని, బోర్లలో నీళ్లు పైకొచ్చాయని సంతోషించినవాళ్లూ వాళ్లే. రెండూ నిజం.

ఆ తర్వాతి సంక్రాంతికి వెళ్తే పెద్దమ్మ అడిగింది. "ఒరే, నువ్వేదో నీళ్ల ఆఫీసులో పని చేస్తావు కదా. మన బోర్లో నీళ్లొచ్చినాయి. మీ బెంగళూరు నీళ్లేనంట. తాగొచ్చునా?"

ఇరవై ఏళ్లు నీళ్ల లెక్కలు రాసినవాణ్ణి, ఏం చెప్పాలో తెలియలేదు. బెంగళూరు వచ్చి మేడంని అడిగాను. ఒక్క సీసా చూసి ఏమీ చెప్పలేం, ముందు ఎలా ఉండేవో తెలియదు కదా అన్నారు. కోలారులో ఫ్లోరైడు ముందునుంచీ ఉంది, ఇప్పుడు చూడాల్సింది నైట్రేటు, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, భార లోహాలు కూడా, ఏడాదికి నాలుగుసార్లు, కొన్నేళ్లు చూడాలి అన్నారు. ప్రాజెక్టు రాసి పంపారు. రాలేదు. రెండోసారి పంపారు, ఆ ఏడాది ఆ కంపెనీకి మొక్కల థీము.

అందుకని నేనే మొదలుపెట్టాను. సంక్రాంతికి ఒకటి, ఉగాది దాటాక ఒకటి, వానలప్పుడు ఒకటి, దీపావళికి ఒకటి. మోటారు ఐదు నిమిషాలు వదిలి, సీసా ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపి, ఐసు పెట్టెలో పెట్టుకుని ఆర్డినరీ బస్సులో తెస్తాను. కండక్టరు ఒకసారి పెట్టెలో చేపలా అని లగేజీ టికెట్టు కొట్టాడు. ల్యాబు ఫీజు నాదే, 80జీ రాదు. పెద్దమ్మ పోయిన ఏడాది పోయింది. ఇప్పుడు బోరు దగ్గర వాళ్ల కోడలు మోటారు వేస్తుంది. పోయిన దీపావళి నాటికి పందొమ్మిది సీసాలయ్యాయి, మధ్యలో కోవిడ్ అప్పుడు మూడు గడులు ఖాళీ. మేడంకి పట్టిక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కిందిదాకా చూసి, "ఇంకా ఏమీ చెప్పలేమండీ, ఆపకండి" అన్నారు.

సంక్రాంతికి ఊరికి వెళ్తున్నాను. కారులో ముళబాగిలు వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఐసు పెట్టె చిన్నదే, డిక్కీలో పడుతుంది.